మడవ దగ్గర మనిషి

"వస్తున్నా" అని సంజీవ్‌కి చెప్పేశాను. పోయిన వారం అక్కడ ఆగాం. మధ్యలో వచ్చి చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

మస్కట్‌లో, అల్ మవాలే ప్రాంతంలో పదకొండేళ్లు ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేను. ఆ డిగ్రీతో అక్కడ ఒక నాలుగంతస్తుల బిల్డింగ్‌కి కాపలా ఉన్నాను. మెట్లు కడిగాను, చెత్త మోశాను, ఎవరి కారు ఎవరికి అడ్డం ఉందో చూశాను. బిల్డింగ్ చేతులు మారింది. కొత్త ఓనరు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. నా వీసా హమద్ అనే అర్బాబ్, అంటే యజమాని, పేరు మీదికి మారింది. అలా సినావ్ పట్టణానికి ఇరవై కిలోమీటర్ల అవతల, అల్ సఫ్రా అనే చిన్న ఊళ్లో, ఖర్జూర తోటలో వచ్చి పడ్డాను. ఈ తోటలో ఇరవై రెండేళ్లుగా ఉన్న లచ్చన్న కాక నాకు పని నేర్పి ఇంటికి వెళ్లిపోవాలి. నాకంటే ముందు ఇలాగే ఇద్దరు వచ్చారు. ఇద్దరూ నెల తిరక్కముందే మస్కట్ పారిపోయారు. రెండుసార్లూ కాక ప్రయాణం ఆగిపోయింది. నేను మూడోవాణ్ని. నాకు కూడా, మస్కట్‌లో నా గదిలో ఉండిన సంజీవ్ అక్కడే బౌషర్‌లో ఒక పని చూశాడు. గురువారం సంతకి కూరగాయలు తెచ్చే ఖాదర్‌వలి వ్యాన్‌లో ఎక్కి వచ్చెయ్యమన్నాడు. సరేనన్నాను. కాకకి చెప్పలేదు.

అది మంగళవారం. ఇప్పుడు చెప్పేది బుధవారం సంగతి.

పొద్దున్నే కాక బీపీ మాత్రల కోసం సినావ్ క్లినిక్‌కి వెళ్లాడు. అర్బాబ్ తమ్ముడి పికప్‌లో వెనక ఎక్కి కూర్చుని, "ఇగో డిగ్రీ, గడ్డి కోసి మేకలకెయ్యి. ఎండ ముదరకముందే రూమ్‌లకు పో. మస్కట్ ఎండ గాదిది, మాడు పగుల్తది" అని చెప్పి పోయాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం తక్కువ. డిగ్రీ అంటాడు. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత అలవాటైంది.

మే నెల. తొమ్మిది గంటలకే గోడలు వేడెక్కాయి. మస్కట్‌లో కూడా ఎండే. కానీ అక్కడ మెట్ల కింద ఒక గది ఉండేది, గదిలో ఏసీ ఉండేది, ఏసీ కింద తొమ్మిదిమందిమి ఉండేవాళ్లం. ఒకడు ఇంటికి ఫోన్ చేస్తే తొమ్మిదిమందిమీ విని నవ్వేవాళ్లం. ఇక్కడ ఒక వీధి ఉంది. ఒక పెట్రోలు బంకు, మలయాళీ టీ కొట్టు, దర్జీ, లాండ్రీ. ఆ తర్వాత ఖర్జూరం చెట్లు, వాటి వెనక రాళ్ల గుట్టలు. మాట్లాడాలంటే కాక ఒక్కడే. ఆయన ఒక మాట అంటే మళ్లీ మాటకి గంట పడుతుంది. మూడు వారాల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించడం మొదలైంది. అలసట పనివల్ల వచ్చింది కాదు. రోజు ఎంతకీ అయిపోకపోవడం వల్ల వచ్చింది.

గడ్డి కోసి మేకలకి వేశాక, తూర్పు గోడ వెంట నేను నాటిన నిమ్మ మొక్కల దగ్గరికి వెళ్లాను. ముప్పై మొక్కలు. వచ్చిన మూడోరోజు అర్బాబ్ తెచ్చి పడేస్తే, గుంటలు తవ్వి నాటింది నేనే. ఆకులన్నీ కిందికి వేలాడుతున్నాయి. రెండు మొక్కలు చివర్ల నుంచి ఎండుతున్నాయి. రేపు ఈ వేళకి నేను ఇక్కడ ఉండను. పోయేలోగా వీటికి కడుపునిండా నీళ్లు పెట్టి పోవాలనిపించింది. దొంగతనంగా పోయేవాడికి కూడా ఏదో ఒకటి సరిగ్గా చేసి పోవాలని ఉంటుందేమో.

గోడ పక్కనే కాలువ. దాన్ని ఇక్కడ ఫలజ్ అంటారు. ఎక్కడో గుట్టల కింద ఊటలో పుట్టి, భూమి లోపల సొరంగంలో నడిచి, ఊరి మొదట్లో బయటికొచ్చి, తోట తోటకీ పారుతుంది. మోకాలు లోతు కూడా ఉండదు. చల్లగా, అద్దంలా ఉంటుంది. ప్రతి తోట దగ్గరా కాలువ గోడకి ఒక కంత, ఆ కంతకి గుడ్డ చుట్టిన రాతి పలక, అదే మడవ. పలక తీస్తే నీళ్లు తోటలోకి, పెడితే ముందుకి. ఎనిమిది రోజులకొకసారి మనకి వంతు వస్తుందని, ఈసారి శనివారం తెల్లవారుజామున అని కాక చెప్పాడు. మిగిలిన ఏడు రోజులు ఆ నీళ్లు ఎవరివో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

కాలువ వెంట అటూ ఇటూ చూశాను. మనిషి లేడు.

మా ఊరు పెద్ద కాలువకి చిట్టచివర ఉంటుంది. పైన ఊళ్లన్నీ తాగగా మిగిలితే మాకు. ఏడాదికి రెండు తడులు వస్తే గొప్ప. మా నాయిన చెప్పుల్లేకుండా పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీదే తిరిగేవాడు. మడవ దగ్గర మనిషి నిలబడి ఉంటే ఆ నీళ్లు వాడివి. మనిషి లేకపోతే ఎవరివీ కావు, ముందు చూసినవాడు తిప్పుకుంటాడు. అది మా దగ్గర దొంగతనం కాదు. అది తెలివి. అన్నం తినడానికి పోయి వంతు పోగొట్టుకున్నవాణ్ని చూసి ఊరు నవ్వేది. నాకు పదేళ్లప్పుడే ఆ పాఠం వచ్చు. డిగ్రీలో ఏం చదివానో మరిచిపోయాను గానీ అది మరిచిపోలేదు.

పలక లేపాను. నీళ్లు తోటలోకి దూకాయి. పారతో బోదె తీసి నిమ్మ మొక్కల వరసకి మలిపాను. ఎండిన మట్టి నీళ్లు తాగుతుంటే వచ్చే వాసన మూడు వారాల్లో మొదటిసారి నాకు ఊరిని గుర్తుచేసింది. ఇరవై నిమిషాలు అయి ఉంటుంది. ఎనిమిది మొక్కలు మిగిలాయి.

"క్యా భాయ్, పానీ కిధర్ గయా?"

కాలువ వెంట కింది వైపు నుంచి ఫక్రుద్దీన్ వస్తున్నాడు. చిట్టగాంగ్ వాడు. మా కింది తోటలో, ఒక ముసలావిడ దగ్గర పనిచేస్తాడు. లుంగీ పైకి కట్టి ఉంది. మోకాళ్ల దాకా బురద, ఆ బురద అప్పుడే ఎండుతోంది. అతని చూపు ఎండిన కాలువ వెంట వచ్చి, మా కంత దగ్గర ఆగి, నా చేతిలోని పార మీదికి పాకింది.

నేను పలక పెట్టేశాను. పక్కన మట్టి కాలితో తొక్కాను.

"ఎవరూ లేరనుకున్నా" అన్నాను హిందీలో.

"ఎవరూ లేకపోవడం ఏంటి? నేను నా ఉల్లిమడిలో ఉన్నాను. నీళ్లు పారుతూ పారుతూ సన్నబడ్డాయి. ఊట ఎండిందేమో అనుకున్నా. దేవుడి మీద అనుమానం పడ్డా గానీ నీ మీద పడలేదు, చూడు."

"కాలువ దగ్గర నువ్వు నిలబడలేదు కదా."

అతను నన్ను వింతగా చూశాడు. "నిలబడాలా? నీళ్లకి కాపలానా? నువ్వు బిల్డింగ్ దగ్గర చేసొచ్చావు కదా కాపలా, అందుకే అంటున్నావా?"

"మా దగ్గర అలాగే."

"మీ దగ్గర ఎలాగో ఉండనీ. తొమ్మిదేళ్లుగా ఇక్కడున్నా. ఒక్కసారి కూడా పైకి నడిచొచ్చి చూడాల్సిన పని పడలేదు. ఇవాళే మొదటిసారి నడిచా." బొటనవేలితో బురద గీరుకున్నాడు. "సగం మడి ఎండింది. ఆ ముసలమ్మకి నేనేం చెప్పాలి? వకీల్‌కి చెప్తాను భాయ్. కోపం తెచ్చుకోకు. చెప్పకపోతే నేనే తిప్పి అమ్ముకున్నాననుకుంటారు."

వకీల్ అంటే ఇక్కడ కోర్టు వకీలు కాదు. ఫలజ్ పెద్ద. ఊళ్లో ఎవరి వంతు ఎప్పుడో చూసే మనిషి.

పన్నెండింటికి కాక వచ్చాడు. జరిగింది చెప్పాను. రోడ్డు మీద దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి, చెంబెడు నీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఎంతసేపు ఇడిసినవ్?"

"ఇరవై నిమిషాలు."

"అరగంట కాలే గదా."

"కాలేదు కాకా."

"అరగంటను ఇక్కడ అథర్ అంటరు. ఒక్క అథర్ కోసం అన్నదమ్ములు మాటలు బంద్ జేసుకున్నరు ఈ ఊళ్లె. ఈ నీళ్లు పుట్టకముందే పంచుకున్నరు బిడ్డా. ఎవని తాతదో అరగంట, ఆ తాత పోయి నూరేండ్లయినా గా అరగంట ఆయన ఇంటోళ్లదే. భూమి లేకున్నా నీళ్లుంటయ్ కొందరికి. కిరాయికిస్తరు. మసీదుకు గూడ ఒక పూట ఉన్నది. ఎవ్వలూ లేరని తిప్పుకుంటే అది ఎవల్దో ఇంట్ల జొరబడ్డట్టు." తువ్వాల మడిచి పక్కన పెట్టాడు. "నేనే చెప్పాల్సుండె. కాలువ చివరోడివని తెల్సి గూడ చెప్పకపోతి. నేనొచ్చిన కొత్తల గూడ నా చెయ్యి గట్లనే గుంజింది. గప్పుడు ఒకాయన పట్టుకున్నడు చెయ్యి."

"ఇప్పుడేమైతది?"

"ఫక్రుద్దీన్ వకీల్‌కు చెప్తనన్నడా, చెప్పిండా?"

"చెప్తానని పోయాడు."

"మంచిగైంది" అన్నాడు కాక.

అదేం మాటో నాకు అర్థం కాలేదు. లేచి మడవ దగ్గరికి వెళ్లి, నేను తొక్కిన మట్టిని వంగి చూశాడు. ముట్టుకోలేదు. తర్వాత రూమ్‌లోకి వచ్చి స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తీశాడు. అది ఊరికి పోయేటప్పుడు వేసుకోవాలని రెండేళ్లుగా కవర్‌లో దాచుకున్న చొక్కా.

"గీ అంగి ఎందుకు కాకా?"

"పెద్దమనుషుల నడుమ కూసునేది. మాసిన బట్టలతోని పోతమా?"

సాయంత్రపు అస్ర్ నమాజ్ అయ్యాక కబురొచ్చింది. మసీదు పక్కన, ఊరి మగవాళ్లు కూర్చునే పొడవాటి గది. తివాచీ, గోడలకి దిండ్లు, మధ్యలో ఖర్జూరం పళ్లెం, ఫ్లాస్కుల్లో కాఫీ. వకీల్ నాసర్‌కి డెబ్భై దాటాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవలో ఖర్జూరం వేసుకుని బొంబాయి వెళ్లేవాడట, హిందీ వచ్చు. మా అర్బాబ్ హమద్ ఆయన పక్కన కూర్చున్నాడు. సినావ్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, ఎప్పుడు చూసినా తొందరలో ఉంటాడు. ఎదురుగా ఫక్రుద్దీన్, కాళ్లు కడుక్కుని, టోపీ పెట్టుకుని. ఇంకో నలుగురు ముసలివాళ్లు.

ముందు కాఫీ. చెవి అంత చిన్న కప్పులో చేదు కాఫీ. అది తాగి ఖర్జూరం తినేదాకా ఎవరూ విషయం ఎత్తరు. తర్వాత నాసర్ అందర్నీ వరసగా అడిగాడు, ఏమిటి విశేషాలు అని. అందరూ వరసగా చెప్పారు, విశేషాలేమీ లేవు, అంతా మంచిదే అని. ఫక్రుద్దీన్ కూడా అంతా మంచిదే అన్నాడు. తగాదాకి వచ్చినవాడు కూడా ముందు ఆ మాట అనాలి. అది ఇక్కడి పద్ధతి. నా వంతు వచ్చినప్పుడు నా నోట్లోంచి మాట రాలేదు. కాక మోచేత్తో పొడిచాడు. "మంచిదే" అన్నాను.

అప్పుడు నాసర్ హిందీలో అడిగాడు. "ఈ పొద్దున హమద్ తోట మడవ ఎవరు తెరిచారు?"

నేను మోకాళ్ల మీద లేవబోయాను. నా మోకాలి మీద కాక చెయ్యి పడింది. బరువుగా పడింది. ఆయన అరబ్బీలో మాట్లాడాడు. నాకు అరబ్బీ అంతగా రాదు. కానీ అందులో మొదటి మాట నాకు తెలుసు. "అనా." నేను.

ఫక్రుద్దీన్ నోరు తెరుచుకుంది. నా వైపు చూశాడు, కాక వైపు చూశాడు. కాక ఖర్జూరం పళ్లెం తీసి అతని ముందుకి జరిపాడు.

"లచ్చన్నా" అన్నాడు నాసర్ మళ్లీ హిందీలోనే, "నువ్వా?"

"నేనే. క్లినిక్‌కి పోయేముందు తెరిచాను. ఇరవై నిమిషాలకి ఇతను చూసి మూశాడు. వంతు శనివారం అని మరిచిపోయాను. వయసు మీద పడుతోంది."

"నువ్వు మరిచిపోయావా?"

"మరిచిపోయాను."

గదిలో ఒక ముసలాయన తల అడ్డంగా ఊపుతూ ఏదో గొణిగాడు. ఇరవై రెండేళ్లలో ఈ గదిలో కాక మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒకసారి రెండు తోటలకి వంతు దగ్గర గొడవైతే, లచ్చన్న ఏమంటే అది అన్నారట. ఈ సంగతి నాకు టీ కొట్టు మలయాళీ చెప్పాడు. ఆ మనిషి ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేను చేసిన తప్పుని తన పేరు మీద వేసుకుంటున్నాడు. నా చెవులు కాలిపోయాయి. అయినా నోరు తెరవలేదు. రేపు పోయేవాణ్ని కదా, ఎందుకు తెరవలేదో ఇప్పటికీ చెప్పలేను.

నాసర్ ఫక్రుద్దీన్‌ని అడిగాడు. "నువ్వు చూశావా?"

ఫక్రుద్దీన్ ఖర్జూరం గింజని వేళ్ల మధ్య తిప్పాడు. "తోటలో నీళ్లు చూశాను. చెయ్యి చూడలేదు."

ముసలివాళ్లు కాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. తీర్పు ఎక్కువసేపు పట్టలేదు, నాసర్ దాన్ని హిందీలో చెప్పాడు. శనివారం మా వంతులో ఒక అథర్ కింది తోటకి పోవాలి. పోయింది ఇరవై నిమిషాలు, ఇచ్చేది అరగంట. రెండోది, వంతు తప్పిన చెయ్యి ఖర్జూరం కోతలు అయ్యేదాకా ఏ మడవనీ ముట్టకూడదు. అది కూడా పాత పద్ధతే.

హమద్ ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు. "కోతలయ్యేదాకానా? మరి నా నీళ్ల దగ్గర ఎవరు నిలబడతారు? నేను ఆఫీసు మానుకుని నిలబడాలా?"

నాసర్ గడ్డంతో నన్ను చూపించాడు.

హమద్ నన్ను చూశాడు. పాత టైరు కొనాలా వద్దా అని చూసినట్టు చూశాడు. "నీళ్ల సంగతి తెలుసా నీకు?"

నాకంటే ముందు కాక అందుకున్నాడు. "తెలుసు అర్బాబ్. రైతు బిడ్డ. నీళ్లని చూస్తే ఊరుకోలేడు."

ఆ మాటకి ఫక్రుద్దీన్ దగ్గాడు. కప్పు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే, అతను నీళ్ల దగ్గర నిలబడితే మరి నువ్వేం చేస్తావు? నీళ్లు ముట్టని మనిషితో నాకేం పని?"

"అదే నేనూ అనేది" అన్నాడు కాక నెమ్మదిగా. "ఇంటికి పంపించు."

అప్పుడు నాకు వెలిగింది. ఇస్త్రీ చొక్కా, గీసిన గడ్డం, మంచిగైంది అన్న మాట. రెండుసార్లు హమద్ కాకని ఆపింది ఒకే మాటతో. నీ అంత నీళ్లు తెలిసిన మనిషి నాకు ఎక్కడ దొరుకుతాడు అని. ఇవాళ ఆ మాట అనడానికి వీల్లేకుండా ఊరి పెద్దలే ఆయన చేతికి నీళ్లు బంద్ చేశారు. ఆయన అడిగి చేయించుకున్నాడు.

హమద్‌కి అది అర్థమైందో లేదో తెలియదు. కాకని చాలాసేపు చూశాడు. ఫోన్ తీసి తారీఖులు చూశాడు. "శనివారం ఇతను నీళ్లు పట్టనీ. నా కళ్లతో చూస్తా. సరిగ్గా పడితే ఆదివారం నీ టికెట్" అన్నాడు.

కాక తల ఊపాడు. కప్పుని రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించి పెట్టేశాడు. అంటే ఇక కాఫీ చాలు అని.

అందరూ లేచారు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే నాసర్ నన్ను లోపలికి పిలిచాడు. కూర్చోమనలేదు. తను కూడా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"మధ్యాహ్నం నేను మీ మడవ చూసొచ్చాను" అన్నాడు. "లచ్చన్న పలక మూస్తే చేత్తో మట్టి మెత్తుతాడు, మా ఆడవాళ్లు రొట్టె పిండి అద్దినట్టు. ఇవాళ అక్కడ మడమ గుర్తులున్నాయి."

నేను తల దించుకున్నాను. "నేనే. ఇప్పుడే అందరికీ చెప్తాను."

"వద్దు. అబద్ధం అతను నాకు చెప్పాడు, నేను తీసుకున్నాను. అది మా ఇద్దరి మధ్య." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నీకు ముందు వచ్చిన ఇద్దరు కూడా నాకు తెలుసు. ఒకడు సంతరోజునే పోయాడు. నిన్ను నేనేమీ అడగను. ఒకటి మాత్రం విను. శనివారం తెల్లారి నువ్వు మడవ దగ్గర లేకపోతే, నేను లచ్చన్న చేతి మీద పెట్టిన మాట వెనక్కి తీసుకోవాలి. ఎనభై చెట్లున్నాయి ఆ తోటలో. అవేం తప్పు చేశాయి? అప్పుడు హమద్ అతన్ని పంపడు. ఇంకెప్పుడూ పంపడు."

బయటికి వచ్చేసరికి కాక గోడ నీడలో నిలబడి ఉన్నాడు. ఇద్దరం తోట దారి పట్టాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఏమంటడు ముసలాయన?"

"శనివారం ఎన్నింటికి నిలబడాలో చెప్పాడు."

"నాలుగున్నరకు. నేను లేపుత తియ్." కొంచెం దూరం నడిచాం. "కోపమొచ్చిందారా? నీ తప్పును నేను వాడుకున్ననని?"

"నాకెందుకు కోపం? పోయింది నీ పేరు. ఈ ఊళ్లో నీకెంత మంచిపేరు కాకా."

"ఆ పేరే కదరా నన్ను కట్టేసింది. జర చెడ్డోన్నయితే ఎప్పుడో ఇంటికి పోదును." నవ్వుదామనుకున్నాడు గానీ అది ఆయాసంలో కలిసిపోయింది. దారి పక్కన రాయి మీద కూర్చున్నాడు. "అలిసిపోయిన గణపతీ. గింతే. ఇంకేం లేదు."

మూడు వారాల్లో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

అక్కడే చెప్పేద్దామనుకున్నాను. సంజీవ్ సంగతి, ఖాదర్‌వలి వ్యాన్ సంగతి, మంచం కింద సర్ది పెట్టిన బ్యాగ్ సంగతి. నాలుగు రోజులు ఆలస్యంగా వస్తానంటే సంజీవ్ ఆగుతాడా? ఆ పని ఆగదు. గురువారం కాకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటామన్నారని వాడు ముందే చెప్పాడు. శనివారం దాకా ఉన్నానంటే ఆదివారం కాక పోతాడు. ఆ తర్వాత ఈ తోటకి, ఈ ఎండకి, ఎనిమిది రోజుల లెక్కకి నేనొక్కణ్నే. కాకకి ఇరవై రెండేళ్లు పట్టింది బయటపడడానికి. నాకు ముప్పై నాలుగు.

నేను నోరు తెరిచేలోగా ఆయన ఫోన్ తీశాడు. ఇంటికి వీడియో కాల్ కలిపాడు.

తెర మీద కాక భార్య యాదవ్వ చిన్నమ్మ వచ్చింది. బీడీల చాట ఒళ్లో ఉంది. వేళ్లు ఆకు చుడుతూనే ఉన్నాయి. నేను ఆమెని చూడడం అదే మొదలు.

"ఆదివారం టికెట్" అన్నాడు కాక.

ఆమె వేళ్లు ఆగలేదు. "అట్లనా" అంది.

"నిజంగనే. అర్బాబ్ అందరి ముంగట అన్నడు."

"పోయినపాలి గూడ అందరి ముంగటనే అన్నడంటివి. గోడలకు సున్నమేసి, కోడిని గూడ కొనుక్కొచ్చి పెట్టిన. ఆ కోడి గుడ్లు పెట్టి పిల్లలను జేసింది. నువ్వు మాత్రం రాకపోతివి."

"గిది గట్ల కాదే."

"దాని ముందటిపాలి గూడ గట్లనే అన్నవ్." ఆమె గొంతులో కోపం లేదు. ఆశ కూడా లేదు. రోజూ మాట్లాడుకునే సంగతి ఏదో మాట్లాడుతున్నట్టుగా ఉంది. "పానం ఎట్లున్నది? గోలీలు తెచ్చుకున్నవా?"

కాక నా వైపు తిరిగాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నా మాట నమ్ముతలేదు. నువ్వన్న చెప్పరా బిడ్డా."

తెర నా మొహానికి ఎదురుగా వచ్చింది. ఆమె వేళ్లు అప్పుడు ఆగాయి. చాట పక్కన పెట్టి, ఫోన్‌ని దగ్గరికి తీసుకుని నన్ను చూసింది.

"కొత్తగొచ్చిన పిల్లగానివి నువ్వేనా? గణపతివి?"

"నేనే చిన్నమ్మా."

"మంచిగున్నవా?"

"మంచిగున్న. కాక వస్తడు చిన్నమ్మా. అర్బాబ్ అన్నది నిజమే. నేను పక్కనే ఉన్న, నా చెవులతోని విన్న."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పక్కన రాయి మీద కాక కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు, మా మాటలు వింటూ.

"ఆయన వస్తడా అని నేను అడుగుతలేను బిడ్డా" అంది యాదవ్వ. "నువ్వుంటవా అని అడుగుతున్న."